పోచవరం రేవులో డీజిల్ ట్యాంకు

పాపికొండల రీల్స్ ఎన్ని చూసినా అవే కనిపిస్తాయి. కొండలు, పొద్దుటి పొగమంచు, లాంచీ పై అంతస్తులో డ్యాన్సులు. లాంచీ అడుగున ఏముందో ఎవరూ తీయరు. నేను ఈసారి చూసింది మాత్రం అదే. వరదలు తగ్గి, టూరిస్టులు ఇంకా రాని రోజుల్లో పోచవరం వెళ్లా. అప్పుడు రేవులో షికార్ల కంటే రిపేర్లే ఎక్కువ.

భద్రాచలం దాటిన కాసేపటికే ఎటపాక వస్తుంది. తెలంగాణ అయిపోయి ఆంధ్ర మొదలయ్యేది అక్కడే. 2014 దాకా ఇదంతా ఖమ్మం జిల్లానే. పోలవరం ప్రాజెక్టు కోసం ఇక్కడి మండలాలు అటు వెళ్లాయి, భద్రాచలం ఊరు ఇటు మిగిలింది. కూనవరం దగ్గర శబరి వచ్చి గోదావరిలో కలుస్తుంది. అక్కణ్నుంచి వి.ఆర్.పురం మీదుగా అడవి రోడ్డు. ఫోన్ సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. రేవులో ఉన్నవాళ్లకి ఈ సరిహద్దు ఎలా అర్థమవుతుందంటే, బోటు ఒక రాష్ట్రంలో ఉంటుంది, దానికి కావాల్సిన బోల్టు ఇంకో రాష్ట్రంలో దొరుకుతుంది.

రిపేరుకి ఒడ్డుకి లాగింది పెద్ద లాంచీ కాదు. పది పన్నెండు మందిని తిప్పే చిన్న ఇంజిన్ బోటు. మలుపు తిరిగినప్పుడల్లా అడుగు నుంచి ధన్ మని శబ్దం, ఆ వెంటనే డీజిల్ వాసన. సరంగు చెప్పిన కంప్లైంట్ ఇంతే. చెక్కలు ఎత్తి చూస్తే ట్యాంకుని పట్టి ఉంచాల్సిన రెండు ఇనప పట్టీల్లో ఒకటి ఊడిపోయి ఉంది.

ఇంతేనా అనిపిస్తుంది కదా? లెక్క చూడండి. వంద లీటర్ల డీజిల్ అంటే దాదాపు 83 కిలోలు. ట్యాంకు సగం ఖాళీ అయితే మిగిలిన డీజిల్ అటూ ఇటూ కొట్టుకుంటుంది. ఇంజిన్ నిమిషానికి 1500 సార్లు తిరిగితే గంటకి 90 వేల సార్లు అదురుతుంది. ఇన్నింటినీ ఆపాల్సింది నాలుగు స్క్రూలు.

మెకానిక్ యాభై దాటిన మనిషి. "అదురుకి పోయిందా బాబాయ్?" అంటే పట్టీ కింద వేలు పెట్టి నల్లటి పీచు బయటికి లాగాడు. గోనె ముక్క. ట్యాంకు రాసుకోకుండా ఎవరో మెత్తగా వేశారు. "అదురు కాదు బాబూ, తడి. ఈ గోనె నీళ్లు తాగి కూర్చుంటది. పైన ఎండినా కింద ఎండదు," అన్నాడు. గోనె తీశాక ట్యాంకు మీద పట్టీ వెడల్పునే తుప్పు గీత కనిపించింది. మిగతా ట్యాంకంతా బాగానే ఉంది. స్క్రూలు దిగిన చెక్క కూడా అంతే, గోరుతో గీకితే పొడి రాలింది.

ఓనరుకి తొందర. వెల్డింగ్ మిషన్ తెప్పించి పట్టీని ట్యాంకుకే అతికించేయమన్నాడు. ఖాళీ ట్యాంకే కదా అని ఆయన వాదన. మెకానిక్ ససేమిరా అన్నాడు. నిండు ట్యాంకులో ఆవిరికి చోటు తక్కువ. డీజిల్ తీసేసినా లోపల ఆవిరి, గోడలకి అంటిన చమురు ఉంటాయి. దాని మీద టార్చ్ పెడితే పేలొచ్చు. 2018 మేలో దేవీపట్నం దగ్గర ఒక టూరిస్టు బోటుకి నిప్పంటుకుంది. ఆ సంగతి ఈ రేవులో ఎవరికీ గుర్తు చేయక్కర్లేదు.

2019 సెప్టెంబర్ 15 గురించి కూడా అంతే. కచ్చులూరు దగ్గర వరద ఉధృతిలో బోటు మునిగిన రోజది. ఆ తర్వాత ఇక్కడ కంట్రోల్ రూమ్ వచ్చింది, లైఫ్ జాకెట్లు లెక్కపెడుతున్నారు. మంచిదే. కానీ ట్యాంకు బిగింపు ఎవరి కంటికీ కనపడదు. ట్యాంకు కదిలితే దానికున్న పైపు జాయింటు వదులవుతుంది, డీజిల్‌తో పాటు గాలి వెళ్తుంది, ఇంజిన్ ఆగిపోతుంది. పాపికొండల మధ్య నది ఇరుకైన చోట ఇంజిన్ ఆగిన బోటు గోదావరి ఎటు తీసుకెళ్తే అటే పోతుంది. అక్కడ దిగి నెట్టడానికి రోడ్డు లేదు.

పని రెండు రోజులు పట్టింది. డీజిల్ క్యాన్లలోకి తోడి, బ్యాటరీ వైరు తీసి, ట్యాంకు ఒడ్డుకి చేర్చారు. తుప్పు గీకి చూస్తే రేకు ఇంకా గట్టిగానే ఉంది కాబట్టి రంగు వేశారు. లేకపోతే ట్యాంకే మార్చాలి. పుచ్చిన చెక్క కోసేసి కొత్తది వేశారు. ఈసారి స్క్రూలు లేవు. చెక్కకి ఆ పక్క నుంచి ఈ పక్కకి బోల్టు, కింద ఇనప ప్లేటు. లాగుడు ఒక్క చోట కాకుండా ప్లేటంతా పంచుకుంటుంది. కుర్రాడు సైకిల్ ట్యూబు ముక్కలు తెస్తే బాబాయ్ పక్కన పడేశాడు. అది డీజిల్ తగిలితే ఉబ్బి మెత్తబడుతుందట. చమురుకి తట్టుకునే రబ్బరు షీటు కోసం కుర్రాడు భద్రాచలం బస్సెక్కాడు. సగం రోజు దానికే పోయింది.

నాకు బాగా నచ్చింది ట్యాంకు కింద వేసిన బద్దీలు. బోటు పొడుగునా వేశాడు, అడ్డంగా కాదు. నీళ్లు ఆగకుండా వెనక్కి పోవాలి, ట్యాంకు అడుగుకి గాలి తగలాలి. మేం ఆఫీసులో డ్రైనేజీ గురించి ఇంత ఆలోచించం, మా సర్వర్లు తడవవు కాబట్టి. ఇంజిన్ దాకా ఉన్న బిగుసు రాగి గొట్టం మధ్యలో చిన్న ఆయిల్ హోస్ వేశాడు. అదురు వస్తే హోస్ ఊగుతుంది, గొట్టం విరగదు.

చివర్లో ట్యాంకు నిండా డీజిల్ పోసి, కింద పాత పేపర్లు పరిచి రాత్రంతా వదిలేశారు. చుక్క పడితే కాగితం మీద నూనె మరక కనపడుతుంది. పొద్దున తీస్తే పేపర్లు పొడిగానే ఉన్నాయి. అప్పుడు బాబాయ్ ఒక్కో నట్టు మీద నుంచి ప్లేటు దాకా ఎర్ర పెయింటుతో సన్నటి గీత గీశాడు. నట్టు ఏమాత్రం తిరిగినా గీత విరుగుతుంది.

"రోజూ బండి తీసే ముందు ఇది ఫొటో తీసి నాకు పంపు తమ్ముడూ," అన్నాడు సరంగుతో.

"సిగ్నల్ ఉంటేగా అన్నా," అన్నాడతను.

"లేకపోతే నువ్వన్నా చూడు."