ముందే తెలిస్తే మంచిదేనా?



క్యాన్సర్ గడ్డ తీయించుకొని ఇంటికి వచ్చినవారిని పరామర్శించడానికి వెళ్ళినప్పుడు, ప్రార్థన అయిపోయాక ఇంట్లోవాళ్ళు మెల్లగా అడిగే ప్రశ్న ఒకటుంది. "అయ్యగారూ, ఇది మళ్ళీ వస్తుందంటారా? ఇంకెక్కడికైనా పాకుతుందంటారా?" డాక్టరుగారిని అడగడానికి భయపడి మమ్మల్ని అడుగుతారు. మేము ప్రవక్తలం కాము. అయితే సరిగ్గా ఈ ప్రశ్న మీదనే ఫ్రాన్సు దేశంలో కొందరు శాస్త్రజ్ఞులు ఎన్నో ఏళ్ళుగా పనిచేస్తున్నారు. వారి పనిని గూర్చి మేము చదివినది మీతో పంచుకొని, రాబోయేది ముందే తెలుసుకోవాలనుకోవడం విశ్వాసికి తగినదేనా అనే సంగతిని కలిసి ధ్యానించాలని ఆశపడుతున్నాము.

కండ, కొవ్వు, రక్తనాళాలు, నరాల పైపొర వంటి మెత్తని భాగాలలో పుట్టే క్యాన్సర్లను సార్కోమాలు అంటారు. పెద్దవారికి వచ్చే క్యాన్సర్లలో ఇవి సుమారు నూటికి ఒకటి. అందులోనే 50కి పైగా రకాలు ఉన్నాయి. తొడలోనో, భుజంలోనో, కడుపు వెనుకభాగంలోనో గడ్డగా మొదలవుతాయి. చాలాసార్లు నొప్పి ఉండదు. నొప్పి లేదు గదా అని నాట్లు అయ్యేదాకా, అమ్మాయి పెళ్ళి అయ్యేదాకా, క్రిస్మస్ వెళ్ళేదాకా ఆగుతారు. తొడలో గడ్డ తొడలోనే ఉంటే ఆపరేషను చేసి, కరెంటు పెట్టి చాలావరకు అదుపు చేయవచ్చు. అది రక్తం వెంట ప్రయాణం చేసి ఊపిరితిత్తులకు చేరినప్పుడు ప్రాణం మీదికి వస్తుంది. అందుచేత ఏ గడ్డ పాకుతుంది, ఏది పాకదు అన్నదే డాక్టర్లకు పెద్ద ప్రశ్న.

ఇంతకాలం దీనికి జవాబు మైక్రోస్కోపు క్రింద వెదికారు. 1984లో ఫ్రెంచి వైద్యులు ఒక పద్ధతి ప్రచురించారు. గడ్డలోని కణాలు అవి పుట్టిన కండరాన్నో కొవ్వునో ఇంకా ఎంతవరకు పోలి ఉన్నాయి, ఎన్ని కణాలు చీలుతున్నాయి, గడ్డలో ఎంత భాగం చచ్చిపోయింది, ఈ మూడింటికీ మార్కులు వేసి కూడితే 1, 2, 3 అని గ్రేడు వస్తుంది. నేటికీ ఎన్నో దేశాల్లో ఈ గ్రేడునే వాడుతున్నారు. 1 వస్తే ఊపిరి పీల్చుకోవచ్చు. 3 వస్తే జాగ్రత్తపడాలని తెలుస్తుంది. 2 వచ్చినవారి సంగతే కష్టం. అటూ కాదు, ఇటూ కాదు. పైగా సూదితో తీసిన చిన్న ముక్క పెద్ద గడ్డ అంతటి సంగతీ చెప్పలేదు.

2010లో బోర్డో నగరంలోని బెర్గోనియే క్యాన్సర్ సంస్థకు చెందిన ఫ్రెడరిక్ షిబోన్, ఆయన తోటి పరిశోధకులు 'నేచర్ మెడిసిన్' పత్రికలో మరో మార్గం చూపించారు. 183 సార్కోమా గడ్డలను పరిశీలించి, అందులోనుండి 67 జన్యువుల జాబితా ఒకటి తయారుచేశారు. దానికి సిన్‌సార్క్ అని పేరు పెట్టారు. తరువాత వేరే 127 గడ్డల మీద దానిని సరిచూశారు. గడ్డ పాకుతుందా లేదా అనే విషయంలో పాత గ్రేడుకంటే ఇది మెరుగ్గా చెప్పగలిగింది.

ఈ 67 జన్యువులు చేసే పని ఏమిటంటే, కణం రెండుగా చీలేటప్పుడు క్రోమోజోములను సరిగా పంచిపెట్టడం. అన్నదమ్ములు పొలం పంచుకునేటప్పుడు సర్వేయరు గొలుసు వేసి కొలుస్తాడు గదా. గొలుసు సరిగా పడకపోతే ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ వస్తుంది, ఆ గట్టు తగాదా తరతరాలు సాగుతుంది. కణాలలోనూ అంతే. పంపకం ఎంత గజిబిజిగా ఉంటే ఆ గడ్డ అంత మొండిదై, ఉన్నచోట ఉండక దూరప్రాంతం వెదుక్కుంటుంది. ఆ జన్యువులు గడ్డలో ఎంత జోరుగా పనిచేస్తున్నాయో కొలిచి, పాకే ప్రమాదం తక్కువ, ఎక్కువ అని గడ్డలను రెండు గుంపులు చేస్తారు. మొదట్లో దీనికి గడ్డకట్టించి దాచిన ముక్క కావలసి వచ్చేది. తరువాత ల్యాబులలో మామూలుగా మైనంలో దాచే ముక్కతో కూడా చేయగలిగారు.

ఇక్కడ ఒక సంగతి స్పష్టంగా చెప్పాలి. జన్యు పరీక్ష అనే మాట వినగానే మన ఊళ్ళలో "అయితే ఇది వాళ్ళ రక్తంలోనే ఉందట, పిల్లలకూ వస్తుందట" అని పుకారు పుడుతుంది. ఆ మాట పెళ్ళి సంబంధాల దాకా వెళ్తుంది. ఈ పరీక్ష చూసేది గడ్డలోని కణాలు ఎలా పనిచేస్తున్నాయన్నదే. తల్లిదండ్రుల నుండి పిల్లలకు ఏమి వచ్చిందో ఇది చూడదు. వంశంలో వచ్చే సార్కోమాలు కొన్ని ఉన్నమాట నిజమే, అవి అరుదు, వాటికి వేరే పరీక్షలు ఉన్నాయి. దయచేసి ఏ ఆడపిల్ల జీవితం మీదా ఈ పుకారు వేయకండి.

ఇంకొక సంగతి. ప్రమాదం ఎక్కువ అని వచ్చిందంటే ఆ మనిషికి తప్పక పాకుతుందని కాదు. అటువంటి గడ్డలున్న చాలామందిని కలిపి చూస్తే, వారిలో ఎక్కువమందికి పాకిందని అర్థం. ప్రమాదం తక్కువ అని వచ్చినవారిలోనూ కొందరికి పాకవచ్చు. పరీక్ష గుంపును గూర్చి చెబుతుంది గాని, ఫలానా మరియమ్మగారి దినములు లెక్కపెట్టి చెప్పదు.

మరి దీనివల్ల ఉపయోగం ఏమిటి? సార్కోమాకు ఇచ్చే కీమోలో డాక్సోరూబిసిన్, ఐఫాస్ఫమైడ్ అనేవి ముఖ్యమైన మందులు. మొదటిది గుండెను దెబ్బతీయగలదు. రెండవది మూత్రపిండాలను, ఒక్కోసారి మతిని కూడా ఇబ్బంది పెడుతుంది. అవసరమైనవారికి ఆ బాధ పడినా అర్థముంది. అవసరం లేనివారికి ఇస్తే వట్టి బాధే మిగులుతుంది. ఎవరికి ఇవ్వాలి, ఎవరిని విడిచిపెట్టాలి అని తేల్చడానికే ఈ లెక్క. అయితే పాకుతుందని ముందే చెప్పగలగడం వేరు, ఆ మాట నమ్మి కీమో ఇస్తే మేలు జరుగుతుందని రుజువు చేయడం వేరు. ఆ రుజువు కోసం ఫ్రాన్సులో రోగులతోనే పరిశోధనలు మొదలుపెట్టారు.

ప్రియులారా, ఈ సంగతులు చదువుతుంటే హిజ్కియా రాజు మాకు జ్ఞాపకం వచ్చాడు. రెండవ రాజుల గ్రంథము 20వ అధ్యాయము తీసి చూడండి. రోగియైన రాజుకు యెషయా చావు కబురు తెచ్చాడు, ఇల్లు చక్కబెట్టుకోమన్నాడు. రాజు గోడతట్టు ముఖం త్రిప్పుకొని ఏడ్చి ప్రార్థించాడు. దేవుడు 15 సంవత్సరాలు పొడిగించాడు. ఈ భాగం మీద ఎన్నో ప్రసంగాలు విన్నాము. ఎక్కువసార్లు కన్నీటి ప్రార్థన దగ్గరే ఆగిపోతాము. అదే అధ్యాయంలో, అదే ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండుమీద వేయించాడని కూడా వ్రాయబడి ఉంది. కబురు వచ్చింది, కన్నీరు వచ్చింది, పుండుకు మందూ వచ్చింది. ఈ మూడింటిలో దేవుడు దేనినీ చిన్నచూపు చూడలేదు. రాజుకు ఆ కబురు చెప్పకుండా దాచి ఉంటే, ఆయన దేనికోసం గోడవైపు తిరిగి ఏడ్చేవాడు?

అందుకే మేము మీకు మనవి చేసేది ఇది. రిపోర్టులో ఉన్నది రోగికి చెప్పకుండా దాచకండి. ముఖ్యంగా తల్లికి చెప్పకుండా కొడుకులు, భార్యకు చెప్పకుండా భర్త దాచడం ప్రేమ అనుకుంటున్నారు. పొలం కాగితాలు, అప్పు పత్రాలు, పిల్లల చదువు, ఎవరితోనైనా ఉన్న మనస్పర్థ, ఇవన్నీ చక్కబెట్టుకునే హక్కు వారి నుండి తీసివేస్తున్నారు. తెలుసుకోవడం అవిశ్వాసం అని చెప్పి ఛాతీ స్కాను మానిపించే బోధ ఎక్కడైనా వింటే, హిజ్కియా అధ్యాయం పూర్తిగా చదివి వినిపించండి.

గడ్డ 5 సెంటీమీటర్లు దాటినా, లోతుగా కండలో ఉన్నా, పెరుగుతున్నా, నొప్పి లేదని ఆగకండి. స్కాను, సూది పరీక్ష చేయించకుండా చిన్న క్లినిక్‌లో కోయించుకోకండి. అలా తెలియక కోస్తే మిగిలిపోయిన కణాల కోసం మళ్ళీ పెద్ద ఆపరేషను చేయవలసి వస్తుంది. రిపోర్టు కాగితాలు, స్లైడులు, మైనపు బ్లాకు ఆసుపత్రిని అడిగి భద్రం చేసుకోండి. మరో ఆసుపత్రికి వెళ్ళినా, తరువాత ఏదైనా కొత్త పరీక్ష చేయాలన్నా అవే ఆధారం. ఈ 67 జన్యువుల పరీక్ష లేకపోయినా గ్రేడు, సైజు, లోతు చూసి డాక్టర్లు మార్గం చెప్పగలరు. ఆపరేషను అయ్యాక వారు చెప్పిన గడువుకు ఛాతీ స్కాను తప్పక చేయించండి. ఊపిరితిత్తిలో చిన్నమచ్చగా ఉన్నప్పుడే కనబడితే కొందరికి దానిని కూడా తీసివేయగలరు.

రిపోర్టు కోసం ఎదురుచూస్తూ ఈ రాత్రి నిద్రపట్టని వారిని, ల్యాబులలో మైక్రోస్కోపు ముందు కూర్చున్న వారిని, రిపోర్టులో ఉన్న మాటను ఎలా చెప్పాలా అని తడబడే డాక్టర్లను మీ కుటుంబ ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోండి. మీ ఊరిలో ఎవరికైనా గడ్డ ఉంటే ఈ ఆదివారం ఆరాధన అయ్యాక వారి ఇంటికి వెళ్ళండి. సోమవారం వారితోపాటు బస్సు ఎక్కండి.

సమాధానకర్తయగు దేవుడు మీకు తోడైయుండును గాక. ఆమేన్.