క్షణమా, రోజా?

తెలంగాణ గ్రూప్-1 ప్రిలిమ్స్ 16-10-2022న జరిగి రద్దయింది. 11-06-2023న మళ్లీ పెడితే అదీ రద్దయింది. మూడోసారి 09-06-2024న జరిగింది. చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీలో, అశోక్‌నగర్ స్టడీ హాళ్లలో ఎవర్నడిగినా ఈ తేదీలు గుక్కతిప్పుకోకుండా చెబుతారు. వాళ్లు వాడే యాప్‌లు చేస్తాను కనుక నాకూ కంఠతా వచ్చాయి. కొత్తగా పనిలో చేరినవాళ్లకు టెస్ట్ డేటాగా ఇవే ఇస్తాను.

యాప్ రోజు ముందు పెట్టి పంపితే, సర్వర్ నెల ముందనుకుని చదివిందనుకోండి. 09/06 చప్పుడు లేకుండా సెప్టెంబరు 6 అయిపోతుంది. పదహారో నెల లేదు కాబట్టి 16/10 దగ్గరైనా ఎర్రర్ రావాలి. పాత జావా సింపుల్‌డేట్‌ఫార్మాట్ అదీ ఇవ్వదు. నెలలు లెక్కగట్టి 2023 ఏప్రిల్ 10 చేసేస్తుంది. అందుకే దాని లీనియెంట్ సెట్టింగు ముందు ఆపేయండి.

నారాయణగూడ ఆఫీసులో నాకు పని నేర్పిన అన్న, ఏ తేదీ కనబడినా ఒకటే అడిగేవాడు: “ఇది క్షణమా, రోజా?” దరఖాస్తు గడువు క్షణం. దాన్ని ఐఎస్ఓ 8601 పద్ధతిలో యూటీసీకి మార్చి పంపాలి. మన సాయంత్రం 5 గంటలు యూటీసీలో ఉదయం 11:30. పుట్టిన తేదీ రోజు. దానికి గంటలు అంటగట్టకూడదు.

ఎవరో చేసి వదిలేసిన యాప్ ఒకటి మా చేతికొచ్చింది. జూలై 2న పుట్టినవాళ్లకు జూలై 1 అని చూపిస్తోంది. తేదీకి అర్ధరాత్రి 12 గంటలు తగిలించి యూటీసీకి మార్చారు. ఐదున్నర గంటలు వెనక్కెళ్లి ముందురోజు సాయంత్రం 6:30 అయింది. సర్వర్ గంటలు కోసేసి మిగిలింది దాచుకుంది. జూలై 1 నాటికి వయసు చూసే నోటిఫికేషన్లో గరిష్ఠ వయసు అంచున ఉన్నవాళ్లకు ఆ ఒక్కరోజే అర్హత. లోకల్‌డేట్‌కి మార్చి, ఏడాది-నెల-రోజు మాత్రమే పంపాం. సరిపోయింది.

తర్వాత కొందరి రిజిస్ట్రేషన్లే ఆగిపోయాయి. మేమంతా సర్వర్ లాగ్‌లు తిరగేస్తుంటే, టెస్టింగ్ చూసే చెల్లి తన ఫోన్ భాషను తెలుగుకి మార్చి చూపించింది. నెలను అంకెతో కాక పేరుతో పంపుతున్నాం, అది “ఆగ” అని వెళుతోంది, సర్వర్‌కి అర్థం కావడం లేదు. సర్వర్‌కి పంపేటప్పుడు లొకేల్ యూఎస్ ఇంగ్లిష్ అని కోడ్‌లోనే రాయండి. తెరమీద మాత్రం చక్కగా తెలుగులోనే చూపించండి.

డిసెంబరు 31, 2024 కూడా టెస్టులో ఉంచుకోండి. ఫార్మాట్‌లో ఏడాదికి పెద్ద వై వాడితే అది వారాల లెక్క ఏడాది, 31-12-2025 అని వస్తుంది. చిన్న వై రాయండి.