చూడ్డానికేం లేని ఊళ్లో ఏడు రాత్రులు

జపాన్ వెళ్తున్నామని చెప్తే చాలు, అందరూ ఒకటే ప్లాన్ పంపిస్తారు. టోక్యోలో మూడు రోజులు, క్యోటోలో రెండు, ఒసాకాలో రెండు, వీలైతే హిరోషిమా. రీల్స్‌లో బాగానే ఉంటుంది. కానీ ఆ ప్లాన్‌లో ఎవరూ చెప్పని లెక్క ఒకటుంది. వారం రోజుల్లో మూడు నాలుగు హోటళ్లు! అంటే అన్నిసార్లు సూట్‌కేసు సర్దాలి. అన్నిసార్లు పొద్దున్నే గది ఖాళీ చేసి, మధ్యాహ్నం మూడింటి దాకా ఇంకో గది తాళం కోసం ఎదురుచూడాలి.

మనం ఒక్కళ్లమే అయితే బ్యాగు తగిలించుకుని తిరిగేస్తాం. పక్కన అరవై దాటిన అమ్మ ఉంటే? మా అమ్మకి మోకాళ్ల నొప్పులు. గుడ్డు కూడా ముట్టదు. మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చకపోతే సాయంత్రానికి తలనొప్పి. ఆ ప్లాన్‌లో అమ్మని కూర్చోబెట్టి చూస్తే, నాతో వచ్చే మనిషిలా కాదు, నేను మోసుకెళ్లే మూడో సూట్‌కేసులా కనిపించింది.

అందుకే లెక్క తిరగేశాను. ఏ ఊళ్లు చూడాలి అని కాకుండా, రాత్రికి ఏ ఊరికి తేలిగ్గా తిరిగి రావచ్చు అని మ్యాప్ ముందు పెట్టుకుని వెతికాను. దొరికిన జవాబు నగోయా.

‘అదేముంది, కార్ల ఫ్యాక్టరీల ఊరు కదా’ అన్నాడు మా టీమ్‌లో ఒకడు. నిజమే. టయోటా పుట్టిల్లు ఈ ప్రాంతమే. దగ్గర్లోని కొరొమో అనే ఊరు 1959లో తన పేరునే టయోటాగా మార్చుకుంది. జపాన్‌వాళ్లకీ నగోయా అంటే చిన్నచూపే. 2016లో నగోయా నగరపాలక సంస్థ ఎనిమిది పెద్ద నగరాల మీద సర్వే చేయిస్తే, ఆకర్షణలో ఆఖరి స్థానం తన ఊరికే వచ్చింది!

అంత చప్పగా ఉండడానికీ కారణం ఫ్యాక్టరీలే. రెండో ప్రపంచ యుద్ధంలో ఇక్కడ విమానాలు తయారయ్యేవి. దాంతో అమెరికా బాంబులు ఊరి మీద కురిశాయి. 1945 మేలో నగోయా కోట కాలిపోయింది. ఇప్పుడు కనిపించే కోట బురుజు 1959లో కాంక్రీటుతో కట్టింది. భూకంపాలకు తట్టుకోదని 2018 నుంచి దాన్ని మూసేశారు. పాత ఊరు బూడిదయ్యాక కొత్త ఊరిని స్కేలు పెట్టి గీసినట్టు కట్టుకున్నారు. వంద మీటర్ల వెడల్పున్న రోడ్లు కూడా వేశారు. అవి ఫొటోలకి పనికిరావు. కానీ మెల్లగా నడిచేవాళ్లకి, చక్రాల సూట్‌కేసు లాక్కెళ్లేవాళ్లకి అవే వరం.

ఇక రైళ్ల సంగతి. నగోయా స్టేషన్‌లో నొజొమి బుల్లెట్ రైలెక్కితే క్యోటో సుమారు 35 నిమిషాలు, షిన్ ఒసాకా 50 నిమిషాలు, టోక్యో గంటా నలభై నిమిషాలు. ప్రైవేటు రైలు కింటెట్సులో ఇసే పుణ్యక్షేత్రానికి గంటన్నర లోపే. ఇంకో ప్రైవేటు రైలు మెయిటెట్సులో ఇనుయామా కోటకి అరగంట. అదే కంపెనీ స్పెషల్ రైలు ఎయిర్‌పోర్టు నుంచి 28 నిమిషాల్లో స్టేషన్‌లో దించుతుంది. ఇండియా నుంచి నగోయాకి నేరుగా విమానం లేదు, మధ్యలో ఎక్కడో మారాలి. కానీ దిగాక పెద్ద పెట్టెలతో బుల్లెట్ రైలెక్కే పని తప్పుతుంది. పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 160 సెంటీమీటర్లు దాటిన పెట్టె ఉంటే, ఈ లైన్‌లో దానికి చోటున్న సీటు ముందే బుక్ చేసుకోవాలి మరి.

డబ్బు లెక్క కూడా చూద్దాం. విదేశీయులకి ఇచ్చే ఏడు రోజుల జపాన్ రైల్ పాస్ 2023 అక్టోబరు దాకా 29,650 యెన్లు. ఆ నెలలో దాన్ని 50,000కి పెంచారు. మన డబ్బుల్లో పాతిక వేలు దాటుతుంది. నగోయా నుంచి క్యోటోకి బుల్లెట్ రైల్లో వెళ్లిరావడానికి పది పదకొండు వేల యెన్లు చాలు. మైబారాలో మారుతూ మామూలు రైళ్లలో వెళ్తే అందులో సగమే, కాకపోతే రెండు గంటలపైన పడుతుంది. ఇసే, ఇనుయామా వైపు ప్రైవేటు రైళ్లలో ఆ పాస్ చెల్లదు కూడా. మేము పాస్ కొనలేదు. ఏ రోజు టికెట్ ఆ రోజే.

ఒక్క హెచ్చరిక. మెయిటెట్సు నగోయా స్టేషన్ చూస్తే మొదటిరోజు కళ్లు తిరుగుతాయి. భూమి లోపల రెండే పట్టాలు. వాటి మీద రెండు మూడు నిమిషాలకో రైలు, ఒక్కోటి ఒక్కో ఊరికి! ప్లాట్‌ఫాం మీద రంగుల గీతలుంటాయి. ఏ రైలుకి ఏ రంగు దగ్గర నిలబడాలో బోర్డు చెప్తుంది. రెండోరోజు నాకంటే ముందే అమ్మ రంగు కనిపెట్టేసింది. రోజూ అదే స్టేషన్ కాబట్టే అది కుదిరింది.

మేము దిగింది స్టేషన్‌కి పది నిమిషాల నడక దూరంలో, చిన్న వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ గదిలో. జపాన్‌లో శాకాహారులకి అసలు చిక్కు మాంసం కాదు, చేపల రసం. కూరగాయల సూప్ అనుకున్న దాంట్లోనూ అదే ఉంటుంది. మాకు గదిలో ఫ్రిజ్ ఉంది, అందులో సూపర్‌మార్కెట్ పెరుగు ఉంది, సూట్‌కేసులో కందిపొడి ఉంది. రోజుకో ఊరు మారితే ఆ పెరుగు డబ్బా ఎక్కడ పెడతాం?

పొద్దుటి పూట ఇంకో సుఖం. నగోయా కాఫీ హోటళ్లలో ‘మార్నింగ్’ అనే పద్ధతి ఉంది. పొద్దున కాఫీ ఆర్డరిస్తే, ఆ డబ్బుకే టోస్టు, ఉడికించిన గుడ్డు ఇస్తారు. గుడ్డు నాకు, టోస్టు అమ్మకి. కొన్నిచోట్ల టోస్టు మీద ఎర్రచిక్కుళ్ల తీపి ముద్ద పెడతారు. ‘ఏమే, బొబ్బట్లలో పూర్ణం తీసి బ్రెడ్డు మీద పూశారు’ అంది అమ్మ. తర్వాత రోజూ అదే కావాలంది.

నాలుగోరోజు పొద్దున అమ్మ ‘నువ్వెళ్లిరావే, ఇవాళ నేను కదల్ను’ అంది. వేరే ప్లాన్‌లో అయితే ఆ మాట అనడానికే వీల్లేదు. అనినా గది ఖాళీ చేయాల్సిందే. నేను నకత్సుగావా దాకా రైల్లో, అక్కణ్నుంచి బస్సులో మగొమే వెళ్లాను. పాతకాలం బాటసారులు నడిచిన దారిలో త్సుమగో దాకా సుమారు ఎనిమిది కిలోమీటర్లు. ఎలుగుబంట్లు దగ్గరికి రాకుండా మోగించడానికి దారిలో గంటలు కట్టి ఉంటాయి. నా కాళ్లకి తగ్గ రోజది. సాయంత్రం వచ్చేసరికి అమ్మ బట్టలు ఉతికేసి, ఒక్కతే కాఫీ హోటల్‌కి కూడా వెళ్లొచ్చింది. మెనూలో బొమ్మ మీద వేలు పెట్టి చూపించిందట. తెలియని దేశంలో ఒంటరిగా ఏదైనా కొనడం అమ్మకి అదే మొదటిసారి.

ఐదోరోజు ఏ ప్లానూ లేదు. మెయిటెట్సులో ఒక్క స్టేషన్ అవతల, పాత నేత మిల్లు స్థలంలో టయోటా పారిశ్రామిక మ్యూజియం ఉంది. కార్లు చూద్దామని నేను తీసుకెళ్లాను. అమ్మ మాత్రం మగ్గాల దగ్గరే ఆగిపోయింది. అమ్మది మంగళగిరి చేనేత కుటుంబం. తాతయ్య గుంటమగ్గం నేస్తుంటే, చిన్నప్పుడు అమ్మ కండెలు చుట్టేది.

టయోటా కథ మొదలైందే మగ్గంతో. సకిచి టయోడా 1891లో ఒంటి చేత్తో నేసే చెక్కమగ్గానికి పేటెంట్ తీసుకున్నాడు. 1924 నాటి ఆయన ఆటోమేటిక్ మగ్గం, ఆగకుండానే నాడె మార్చుకుంటుంది. పడుగులో ఒక్క పోగు తెగినా తనంతట తనే ఆగిపోతుంది. 1929లో ఇంగ్లండ్‌కి చెందిన ప్లాట్ బ్రదర్స్ ఆ హక్కులు కొనుక్కుంది. కోడ్‌లో ఒక్క టెస్ట్ ఫెయిలైనా బిల్డ్ ఆగిపోయేలా మేము ఆఫీసులో పెట్టుకునేదీ ఇదే ఆలోచన. మేం రోజూ చూసే కాన్‌బాన్ బోర్డు పుట్టిందీ టయోటా ఫ్యాక్టరీల్లోనే.

అక్కడి ఉద్యోగి పోగు తెంపి చూపించింది. మగ్గం టక్కున ఆగింది. ‘ఇంకోసారి చూపించమని అడగవే’ అంది అమ్మ. రెండోసారి చూసి, ‘తెగిన పోగు కోసం చూసీ చూసీ మా నాన్న కళ్లు మసకబారాయి’ అంది మెల్లగా. ఆ ఒక్క హాల్లోనే గంటన్నర ఉన్నాం. తర్వాత పట్టుకోవాల్సిన రైలు లేదు, ఖాళీ చేయాల్సిన గది లేదు.

ఈ పద్ధతి అందరికీ పడదు. క్యోటో వీధుల్ని తెల్లవారుజామున జనం రాకముందే చూడాలంటే అక్కడే ఉండాలి. టోక్యోకి వెళ్లిరావడానికే ఇరవై వేల యెన్లు దాటుతుంది కాబట్టి, అదే ముఖ్యమైతే నగోయా దండగ. మేము టోక్యో చూడలేదు. అమ్మ అడగనూ లేదు.

మీరూ అమ్మానాన్నల్ని ఎక్కడికైనా తీసుకెళ్లాలనుకుంటే, ఏ దేశమైనా సరే, ఊరి పేరు చూసి గది బుక్ చేయకండి. స్టేషన్ నుంచి ఎన్ని వైపులకి రైళ్లున్నాయో, గదిలో పొయ్యి, ఫ్రిజ్ ఉన్నాయో లేదో చూడండి. వాళ్లు ‘ఇవాళ నేను రాను’ అంటే ఆ రోజు పాడవకుండా ఉంటుందా అన్నది అన్నిటికంటే ముందు చూడండి. మొన్న అమ్మ ఫోన్‌లో పిన్నికి జపాన్ కబుర్లు చెప్తోంది. క్యోటో గుళ్ల గురించి రెండు మాటలు చెప్పి, ‘అది కాదే, మా స్టేషన్ ఉంది చూడూ...’ అని మొదలుపెట్టింది.