ముందు ఎత్తు, తర్వాతే జాకీ

జాగ్వార్ ఈ-టైప్ పక్కన ఎప్పుడైనా నిలబడ్డారా? 1961లో జెనీవా షోలో జనం ముందుకొచ్చిన ఆ బ్రిటిష్ కారు మొత్తం ఎత్తు నాలుగడుగులే. మనిషి ఛాతీ దాకా వస్తే గొప్ప. చూస్తే కళ్ళు తిప్పుకోలేం గానీ, టైరులో గాలి పోయిందా, ఆ అందమే అడ్డం తిరుగుతుంది. మామూలుగానే కింద ఐదారంగుళాల సందు. పంక్చరైతే ఆ మూల ఇంకో రెండు మూడంగుళాలు కుంగుతుంది. షెడ్లలో వాడే పాత ట్రాలీ జాకీ తలే దాదాపు ఐదంగుళాలుంటుంది. ఇక అది ఎక్కడ దూరుతుంది చెప్పండి?

అందరూ వెంటనే ఇంకా పల్చటి జాకీ కోసం వెతుకుతారు. అక్కర్లేదండీ. ముందు టైరులోకి గాలి కొట్టి చూడండి. చిన్న మేకు గుచ్చుకున్న టైరైతే పది నిమిషాలైనా గాలి నిలుపుతుంది, కారు తనంతట తనే లేస్తుంది. ఆ పది నిమిషాలు చాలు. గాలి అసలు నిలవకపోతే అంగుళంన్నర మందం చెక్క ఒకటి ఆ చక్రం ముందు పెట్టి, కారును మెల్లగా దాని మీదికి ఎక్కించండి. టైరు ఎలాగూ పోయింది, ఆ అడుగు దూరానికి కొత్తగా వచ్చే నష్టం లేదు. చెక్క మందమంతా జాకీకి దక్కిన చోటే.

జాకీ ఎక్కడ ఆనించాలో కారు పుస్తకంలో చూసి తీరాలి. అరవై ఏళ్ళ కారు తలుపు కింది రేకు బయటికి నిగనిగలాడుతున్నా లోపల తుప్పు తినేసి ఉండొచ్చు. అక్కడ జాకీ పెడితే కారు లేవదు, జాకీయే రేకులోంచి లోపలికి పోతుంది. ఇంకోటి, పాత చక్రం ఊడి రావడానికి చాలిన ఎత్తు స్టెప్నీ ఎక్కడానికి చాలదు. అది నిండా గాలితో ఉంటుంది కదా, ఇంకా లేపాలి. స్పోకుల చక్రమైతే నడిమి నట్టును కారు లేపకముందే, చక్రం నేల మీదుండగానే మెత్తటి సుత్తితో వదులు చెయ్యాలి. ఎటు కొట్టాలో అనుమానమొస్తే, కారు ముందుకెళ్ళేటప్పుడు చక్రం ఎటు తిరుగుతుందో అటే.

ఈ ఇబ్బందినంతా ముందే ఆలోచించి కారు కట్టినవాళ్ళున్నారు. వాళ్ళంటే నాకెంత గౌరవమో! ఫ్రాన్స్‌లో 1955 అక్టోబరులో సిట్రోయెన్ డీఎస్‌ను పారిస్ షోలో పెట్టారు. దానికి ఉక్కు స్ప్రింగులు లేవు. గుండ్రటి బుడ్లలో నైట్రోజన్ వాయువు, దాన్ని నొక్కే ద్రవం, ఆ ద్రవాన్ని తోసే పంపు. పాల్ మజేస్ అనే ఇంజనీరు తీర్చిన పద్ధతి ఇది. పంక్చరైతే ఏం చేస్తారంటే, ఇంజను నడుస్తుండగా డ్రైవరు పక్కనున్న మీటను పైకి పెడతారు. కారు మొత్తం లేచి నిలబడుతుంది. పక్కన ఒక స్టాండు తగిలించి, మీటను పూర్తిగా కిందికి పెడతారు. అంతే! కారు స్టాండు మీద వాలుతుంది, ఆ పక్క చక్రాలు కొంగ కాలు ముడుచుకున్నట్టు పైకి లేస్తాయి. జాకీ పిడి తిప్పే పనే లేదు. మనిషి మాత్రం కిందికి దూరకూడదు, అది ఏ కారుకైనా తప్పదు.

డీఎస్ టైర్లు పోవడమంటే గుర్తొచ్చింది: 1962 ఆగస్టు 22న పారిస్ శివారు పెటీ-క్లమార్‌లో అధ్యక్షుడు డిగాల్ ప్రయాణిస్తున్న డీఎస్ మీద తుపాకులు పేలాయి. టైర్లకు చిల్లులు పడ్డా డ్రైవరు కారును అదుపు తప్పనివ్వకుండా ఆయన్ను క్షేమంగా దాటించాడు. ఆ కారు పేరు అప్పుడు మరింత మోగింది.

ఇక డీఎస్ వెనక చక్రం మార్చే సంగతి ఇంకా ముచ్చట. దాన్ని సగం దాకా మడ్‌గార్డు రెక్క కప్పేసి ఉంటుంది కదా, మార్చడమెలా అంటారా? వెనకున్న ఒక్క బోల్టు విప్పితే ఆ రెక్క మొత్తం ఊడి చేతికొస్తుంది. పక్కన గడ్డి మీద ఆనించి, పని చేసుకోవడమే. స్టెప్నీ మాత్రం డిక్కీలో వెతక్కండి, ముందు బానెట్ కింద ఉంటుంది. పాత డీఎస్ కొనాలని ఎవరైనా మోజుపడితే, రంగు కన్నా ముందు ఆ స్టాండూ, పానా కారులో ఉన్నాయో లేదో చూసుకోమనండి.