ఆంబూరులో ఇంజినీరమ్మ వెంట

చెన్నపట్నం నుండి బెంగుళూరు వెళ్లే రైలులో, కాట్పాడి దాటిన తరువాత ఆంబూరు దగ్గరపడిందని ఒకరు చెప్పనక్కరలేదు. తోళ్ల కార్ఖానాల వాసనే చెబుతుంది. 1749లో ఆర్కాటు నవాబు అన్వరుద్దీన్ ఖాన్ ఇక్కడి యుద్ధంలోనే మరణించాడు. ఊరివారికి మాత్రం ఆ యుద్ధం కంటె బిర్యానీయే ముఖ్యం. 2019 వరకు ఈ ఊరు వేలూరు జిల్లాలో ఉండేది, ఇప్పుడు తిరుపత్తూరు జిల్లా.

నేను వెళ్లినది మా మేనకోడలిని చూడడానికి. అయిదేళ్లు ఆర్కిటెక్చరు చదివి, అక్కడ ఒక పెద్దాయన దగ్గర రెండేళ్లుగా పని చేస్తున్నది. 1972 నాటి చట్టం ప్రకారం పేరు నమోదైనవారే ఆర్కిటెక్టు అనిపించుకోవాలి. అంత కష్టపడి సంపాదించిన ఆ పేరుతో ఆంబూరులో ఎవరూ పిలవరు. అందరికీ ఆమె "ఇంజినీరమ్మ"!

పొద్దున ఏడింటికే కాంక్రీటు వేసేచోట ఉండాలి. మేస్త్రితో అరవం, ఇంటి యజమానితో ఉర్దూ, నాతో తెలుగు. టేపు పెట్టి కమ్మీల మధ్య ఎడం కొలిచింది. ఒకచోట ఎక్కువగా ఉన్నది. "ముప్పై ఏళ్లుగా కడుతున్నానమ్మా" అన్నాడు మేస్త్రి. ఆమె వాదించలేదు, అతడు విప్పి మళ్లీ కట్టేదాకా ఎండలో నిలబడింది. మా ఆఫీసులో ఇంత ఓర్పు నేను చూడలేదు సుమండీ.

వాననీటి గుంట మాట వస్తే మాత్రం ఊరుకోదు. తమిళనాడులో 2003 నుండి అది ప్రతి ఇంటికీ తప్పనిసరి. ప్లాను మంజూరుకోసం గీతలో చూపి, తరువాత మరిచిపోయేవారే ఎక్కువ. తోళ్ల కార్ఖానాల మురుగు పాలారులోను, బావులలోను చేరి నీళ్లు చెడిపోయినందుకే గదా వేలూరు పౌరులు సుప్రీంకోర్టుదాకా వెళ్లారు! 1996లో తీర్పు వచ్చింది. అటువంటి చోట వానచుక్కను వదులుకోవడమా అని ఆమె కోపం.

మధ్యాహ్నం ఒక పాత మిద్దె ఇంటికి తీసుకువెళ్లింది. అన్నదమ్ములిద్దరూ దానిని పడగొట్టి మూడంతస్తులు కట్టాలంటున్నారు. మద్రాసు టెర్రసు అంటారే, ఆ పద్ధతి: దగ్గరదగ్గరగా టేకు దూలాలు, వాటిమీద సన్నని ఇటుకలను ఏటవాలుగా నిలువునా పేర్చి సున్నంతో అతికి, పైన ఇటుక ముక్కలు, సున్నం కలిపి దిమ్మిసతో కొట్టిన పొర. బయట ఎండ మండుతున్నా లోపల ఫాను అక్కరలేకపోయింది. నిచ్చెన ఎక్కి దూలాలన్నింటినీ సుత్తి పిడితో తట్టి చూసింది. పడమటి గోడలోకి వెళ్లే రెండింటికి చెద పట్టింది. తక్కినవి గట్టివే.

"ముందు భాగం ఉంచుకోండన్నా, వెనక రెండంతస్తులు కట్టుకుందాం" అన్నది. పెద్దాయనకు నచ్చింది. తమ్ముడు ముఖం చిట్లించి, అద్దెల లెక్క చెప్పాడు. అతడి లెక్కా తప్పు కాదు.

దారిలో అడిగాను. "నీ ఆఫీసుకు ఫీజు కట్టుబడి ఖర్చునుబట్టి గదా? తక్కువ కడితే తక్కువే వస్తుందిగా?"

"అవును మామా. మా సారుకు ఇంకా చెప్పలేదు."

ఆ రాత్రి భోజనం కాగానే మూడవసారి ప్లాను గీయడానికి కూర్చున్నది. పదకొండింటికి నేను పడుకునేటప్పటికి, ఆ చెద పట్టిన రెండు దూలాలకు బదులు ఏమి వేయాలో లెక్క కడుతున్నది. సోమవారం సారు చూస్తాడు.