గళానికి ఒక గూడు

మనిషికి ముఖం ఎంతటి గుర్తో, కంఠస్వరం కూడా అంతటి గుర్తే. చీకటిలో ముఖం కనిపించకపోయినా, ఒక్క పిలుపుతో ఆత్మీయులు మనిషిని పోల్చుకుంటారు. ఆ స్వరాన్నే జీవనోపాధిగా మలచుకొన్నవారు గాత్రదాన కళాకారులు. తెరమీద పాత్ర కనిపిస్తుంది. దానికి మాటనిచ్చిన మనిషి కనిపించడు. తెలుగులో తొలి అనువాద చిత్రంగా పేరుపొందిన ‘ఆహుతి’ 1950లో విడుదలైంది. దానికి సంభాషణలు రాసినవారు మహాకవి శ్రీశ్రీ. ఆనాటి నుంచి చిరకాలం గాత్రదానం చేయదలచినవారు మద్రాసుకో, ఆ తరువాత హైదరాబాదుకో వెళ్లి స్టూడియోల గుమ్మాల ముందు నిరీక్షించవలసి వచ్చేది. నేడు ఆడియో పుస్తకాలు, ప్రకటనలు, పాఠ్యాంశాల వంటి పనులకు ఇంట్లోని చిన్న గది కూడా స్టూడియో కాగలదు.

అయితే ఈ బాటలో అడుగుపెట్టే ఔత్సాహికులలో చాలామంది మొట్టమొదట ఖరీదైన మైకు కొంటారు. దాని ముందు కూర్చొని నాలుగు వాక్యాలు చదివి, రికార్డయిన ధ్వనిని విని నిరుత్సాహపడతారు. తమ గొంతు పలచగా, డొల్లగా ఉన్నదనుకొంటారు. ఈ విద్య తమకు అబ్బదని తీర్మానించుకొని, మైకును అటకమీదికి చేరుస్తారు. ఇంటివారు కూడబెట్టిన డబ్బుతోపాటు ఒక కోరిక కూడా అక్కడే ఆగిపోతుంది.

నిజానికి ఆ నిరుత్సాహానికి కారణాలు రెండు. మనిషి మాట్లాడేటప్పుడు తన స్వరాన్ని గాలి ద్వారానే కాక, పుర్రె ఎముకల ద్వారా కూడా వింటాడు. ఎముకలు మంద్రధ్వనులను చక్కగా చేరవేస్తాయి. మైకు గ్రహించేది గాలిలో ప్రయాణించిన ధ్వనిని మాత్రమే. అందుచేత రికార్డులో తన గొంతు తనకే పరాయిగా తోస్తుంది. అది లోపం కాదు. లోకమంతా వినే గొంతు అదే. కొద్దిరోజుల అలవాటుతో ఆ వింత పోతుంది.

రెండవ కారణం గది. 20 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత వద్ద ధ్వని గాలిలో సెకనుకు సుమారు 343 మీటర్లు ప్రయాణిస్తుంది. మూడు మీటర్ల దూరంలోని గోడకు తగిలిన మాట సెకనులో యాభైయవ వంతు గడవకముందే తిరిగివస్తుంది. అది విడిగా వినిపించదు. అసలు మాటలో కలిసిపోయి దానిని డొల్లగా మారుస్తుంది. సిమెంటు గోడలు, నున్నని గచ్చు, కాంక్రీటు కప్పు ఉన్న గదిలో మాట ఇలా పలుమార్లు తిరిగి తిరిగి గాని అణగదు. దీనినే ప్రతినాదం అంటారు.

ఈ సమస్యకు శాస్త్రీయమైన సమాధానం వెదికినవాడు వాలెస్ సబైన్. 1895లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో కొత్తగా కట్టిన ఉపన్యాస మందిరం ఎందుకూ పనికిరాకుండా పోయింది. అందులో పలికిన మాట అయిదున్నర సెకన్లపాటు మోగుతూనే ఉండేది. యువ భౌతికశాస్త్ర అధ్యాపకుడైన సబైన్ సమీపంలోని నాటకశాల నుంచి కుర్చీల మెత్తలను తెప్పించి, రాత్రివేళ ఆ మందిరంలో పరచి, ఆర్గన్ గొట్టాన్ని మోగించి, ధ్వని అణగడానికి పట్టే కాలాన్ని కొలిచాడు. మెత్తలు పెరిగినకొద్దీ ప్రతినాదం తగ్గింది. భవన ధ్వనిశాస్త్రానికి పునాది పడింది ఆ మెత్తలమీదనే.

ఆ మెత్తలు చేసిన పనిని తెలుగువారి ఇళ్లలోని బొంతలు, పరుపులు కూడా చేయగలవు. వీధికి దూరంగా ఉన్న చిన్న గదిని ఎంచుకొని, మధ్య నిలిచి ఒక్కసారి చప్పట్లు కొడితే గది స్వభావం తెలిసిపోతుంది. చప్పుడు గణగణమని మోగితే గోడలకు మెత్తదనం కావాలన్నమాట. మైకు ముఖం మాట్లాడే వ్యక్తి వైపు ఉంటుంది గనుక, అతని వెనుకనున్న గోడనుంచి వచ్చే ధ్వని దానిలో తేలికగా చేరుతుంది. అందువల్ల మొదటి బొంతను వీపు వెనుకనే వేలాడదీయాలి. గోడకు బెత్తెడు ఎడంగా కడితే అది మరింత బాగా పనిచేస్తుంది. గోడలకు గుడ్ల అట్టలు అంటించడంవల్ల ఆశించినంత ప్రయోజనం ఉండదు, అవి పలచనివి.

బొంతలు లోపలి ప్రతినాదాన్ని తగ్గిస్తాయే గాని బయటి రొదను ఆపలేవు. దానిని ఆపగలిగేవి బరువైన గోడలు, సందులేని తలుపులు. అవి లేనివారికి కాలమే తోడు. వంటింట కుక్కరు కూత, వీధిలో బండ్ల మోత మొదలుకాకముందే, తెల్లవారుజామున పని ముగించుకోవాలి. ఫ్యాను ఆపి, పావుగంటకొకసారి విరామం తీసుకొంటూ చదవాలి.

ఇక పరికరాలు. కండెన్సర్ మైకు సున్నితమైనది. సాధారణంగా 48 వోల్టుల విద్యుత్తు ఆధారంగా పనిచేస్తూ, గొంతుతోపాటు గది గుట్టునంతా బయటపెడుతుంది. సరిదిద్దని గదిలో డైనమిక్ మైకు కొంత నయం. ధ్వనిని కూర్చుకోవడానికి 2000 సంవత్సరంలో వెలువడిన ఆడాసిటీ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. నోటికి, మైకుకు మధ్య జానెడు దూరం ఉండాలి. ‘ప’, ‘ఫ’, ‘భ’ వంటి అక్షరాలు పలికేటప్పుడు వెలువడే గాలి మైకును తాకి ‘ధబ్’మనిపిస్తుంది. మధ్యలో పలచని వస్త్రపు తెర పెట్టి, మైకును కొంచెం పక్కకు తిప్పితే ఆ బాధ తప్పుతుంది. అంతేగాని ఒత్తులు మింగి పలకడం పరిష్కారం కాదు. అది భాషకు అపచారం.

నిశ్శబ్దానికి కూడా కొలత ఉంది. ఏసీఎక్స్ అనే ఆడియో పుస్తకాల సంస్థ, మాట లేనప్పుడు వినిపించే రొద మైనస్ 60 డెసిబెళ్లకు మించరాదని నియమం పెట్టింది. అందుకే అనుభవజ్ఞులు పని ప్రారంభించేముందు అరనిమిషం మౌనంగా ఉండి, ఆ మౌనాన్నే రికార్డుచేసి వింటారు. ఎక్కడో నీటి మోటారు, ఏదో గడియారం టిక్కుమనడం అప్పుడు తెలుస్తాయి.

ఇలా గది దోషాలు ఒక్కొక్కటి తొలగిన తరువాత మిగిలేది గళం మాత్రమే. అందులోనూ తొందరపాటు, తడబాటు, భావలోపం ఉండవచ్చు. అవి సాధనతో దిద్దుకోదగినవి. గోడల తప్పును తన గొంతుమీద వేసుకొని వెనుదిరిగినవారికి ఆ సాధన చేసే అవకాశమే దక్కదు. కనుక గాత్రదానం నేర్వగోరేవారు మాట్లాడడానికి ముందు వినడం నేర్చుకోవాలి.