గరికపోచ

గోదావరి డెల్టాలో పూలకూ మొక్కలకూ పేరుపొందిన ఊరు కడియపులంక. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట పుణ్యమా అని కాలువల నీరు పారి, ఆ ప్రాంతం ఏడాది పొడవునా పచ్చగా కళకళలాడుతూ ఉంటుంది. ఆ ఊళ్ళో మొక్కలు పెంచి అమ్ముకునే ఒక కుటుంబంలో ఒక తెల్ల కుందేలు ఉండేది. దాని పేరు శశి. చంద్రునిలోని మచ్చను కుందేలుగా భావించి మన పూర్వులు ఆయనను శశాంకుడన్నారు. ఆ సంగతి తరగతిలో విని వచ్చిన ఆ ఇంటి అమ్మాయి తన కుందేలుకు ఆ పేరు పెట్టుకుంది. ఆమె ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం విద్యార్థిని.

శశికి ఆ ఇంట్లో ఏ లోటూ లేదు. అమ్మాయి నాయనమ్మను ఆ వీధి వారందరూ మామ్మగారు అంటారు. ఆమె ప్రతి ఉదయమూ పెరట్లోని మునగచెట్టు నుండి లేత ఆకు దూసి తెచ్చి కుందేలు ముందు పోసేది. "మునగాకు ఎముకలకు బలం" అనేది ఆమె మాట. ఆ మాట అబద్ధం కాదు. మునగాకులో కాల్షియం సమృద్ధిగా ఉంటుంది. అయితే మనిషికి మేలు చేసినదల్లా కుందేలుకూ మేలు చేస్తుందని అనుకోవడంలోనే పొరపాటు ఉంది.

మార్గశిర మాసం వచ్చింది. శశి మునుపటిలా గెంతడం మానివేసింది. మూత్రానికి కూర్చున్నప్పుడు వెన్ను వంచి చాలాసేపు బాధపడేది. గూటి అడుగున పరచిన గుడ్డ మీద ఎర్రని చారలు కనిపించాయి. కుందేలు మూత్రం సహజంగానే చిక్కగా ఉంటుంది. తిన్న ఆకులను బట్టి ఒక్కొక్కసారి ఎర్రగానూ ఉంటుంది. ఆ సంగతి అమ్మాయికి తెలుసు. అందుచేతనే ఆమె నాలుగు రోజులు ఉపేక్షించింది. అయిదవ రోజున శశి పళ్ళు పటపట కొరుకుతూ మూల ఒదిగి కూర్చోవడంతో ఆమె గుండె ఝల్లుమంది. వెంటనే తండ్రితో కలిసి ఆటోలో రాజమహేంద్రవరంలోని పశువైద్యుని దగ్గరకు తీసుకువెళ్ళింది.

ఎక్స్‌రేలో మూత్రాశయంలో చింతగింజంత రాయి కనిపించింది. వైద్యుడు ఆ చిత్రాన్ని దీపానికి ఎదురుగా పట్టి అమ్మాయికి చూపించాడు. "చాలా జంతువులు తమకు కావలసినంత కాల్షియాన్నే ఆహారం నుండి గ్రహిస్తాయి. కుందేలు అలా కాదమ్మా. తిన్నదానిలో ఎంత ఉంటే దాదాపు అంతా గ్రహించి, ఎక్కువైన దానిని మూత్రం ద్వారా విసర్జిస్తుంది. నీరు తక్కువ తాగినా, తిరుగాడక ఒకచోటనే కూర్చున్నా అది అడుగున పేరుకుపోవచ్చు. మునగాకు ఒక్కటే కారణమని అనలేం. కానీ రోజూ పెట్టదగిన మేత మాత్రం కాదు" అన్నాడు. శస్త్రచికిత్స తప్ప మరో మార్గం లేదని చెప్పి, మరునాడు రమ్మన్నాడు.

ఆ రాత్రి మామ్మగారు గూటిలోని మేతా నీళ్ళూ తీసివేసింది. "ఆపరేషనుకు ముందు మీ తాతగారికి కూడా ఏమీ పెట్టనివ్వలేదు. లంఖణం పరమౌషధం అన్నారు పెద్దలు" అంది. అమ్మాయి సందేహిస్తూనే ఊరుకుంది. మామ్మగారు పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని ఇంటిల్లిపాదికీ తెలుసు.

మరునాడు వైద్యుడు అడిగిన మొదటి ప్రశ్న, "ఇది ఎప్పుడు తిన్నది?" అని. విషయం విని ఆయన చికిత్స ఆపివేశాడు. దోసెడు పచ్చిగడ్డి తెప్పించి కుందేలు ముందు పెట్టించాడు. తోడు వచ్చిన మామ్మగారితో ఎంతో మర్యాదగా, "మామ్మగారూ, మీరు చేసినది మనిషి విషయంలో సరైనదేనండి. మత్తులో ఉన్నప్పుడు మనిషికి వాంతి అయితే అది ఊపిరితిత్తులలోకి పోయే ప్రమాదం ఉంది. అందుకే కడుపు ఖాళీగా ఉంచుతాం. కానీ కుందేలుకు వాంతి చేసుకునే శక్తే లేదు. దాని పేగు ఎప్పుడూ కదులుతూ ఉండాలి. మేత ఆగితే పేగు ఆగుతుంది. పేగు ఆగితే ప్రాణానికే ముప్పు" అని వివరించాడు.

మామ్మగారు మారుమాట్లాడలేదు. కుందేలు గడ్డి నములుతున్నంతసేపూ దాని వైపే చూస్తూ కూర్చుంది.

మధ్యాహ్నం శస్త్రచికిత్స జరిగింది. రాయి బయటకు వచ్చింది. సాయంకాలం ఇంటికి పంపుతూ వైద్యుడు చెప్పిన సూచనలను అమ్మాయి తన నోటు పుస్తకంలో రాసుకుంది. కుందేలును వెచ్చగా ఉంచాలి. వేడినీటి సీసాను గుడ్డలో చుట్టి పక్కన పెట్టాలే కాని ఒంటికి నేరుగా తగలనీయరాదు. గూడు నిశ్శబ్దంగా, మసక వెలుతురులో ఉండాలి. నేల మీద మెత్తని గుడ్డ పరచాలి. ఎగిరి దూకడానికి వీలుగా ఎత్తైనవేవీ దగ్గర ఉండరాదు. నొప్పి తగ్గే మందు చెప్పిన కొలత ప్రకారమే ఇవ్వాలి. మనుషుల మాత్రలు ఎంతమాత్రమూ ఇవ్వరాదు. అన్నిటికంటె ముఖ్యంగా, తింటున్నదా, పెంటికలు వేస్తున్నదా అని గమనిస్తూ ఉండాలి.

కుక్కకు కట్టినట్లు మెడ చుట్టూ అట్టగొట్టం కట్టనక్కరలేదా అని అమ్మాయి అడిగింది. తప్పనిసరి అయితే తప్ప వద్దన్నాడు వైద్యుడు. కుందేలు రెండు రకాల పెంటికలు వేస్తుంది. గట్టివాటిని వదిలి, మెత్తనివాటిని నేరుగా నోటితో అందుకుని తింటుంది. పేగులోని సూక్ష్మజీవులు తయారుచేసిన విటమినులూ మాంసకృత్తులూ ఆ విధంగా దానికి తిరిగి దక్కుతాయి. మెడకు అడ్డు కట్టితే ఆ పోషణ ఆగిపోతుంది. చూసేవారికి అసహ్యంగా తోచే పని వెనుక కూడా ప్రకృతి ఏర్పరచిన ఒక పద్ధతి ఉందని ఆ అమ్మాయికి ఆనాడు తెలిసింది.

ఆ రాత్రి శశి ఏమీ తినలేదు. తొమ్మిది గంటలయింది, పది గంటలయింది. గరిక ముందు పెట్టినా ముక్కు తిప్పుకుంది. కళ్ళు సగం మూసి, చెవులు వెనక్కు వాల్చి, ముడుచుకుని కూర్చుంది. కుందేలు బాధను అరచి చెప్పదు. అడవిలో బలహీనత బయటపడితే శత్రువు కంటబడుతుంది కనుక నొప్పిని దాచుకోవడం దానికి పుట్టుకతో వచ్చిన విద్య. అయినా చూడనేర్చిన కంటికి ఆ బాధ కనబడుతుంది. 2012లో బ్రిటన్‌లోని న్యూకాజిల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కుందేలు కళ్ళు, చెంపలు, ముక్కుపుటాలు, మీసాలు, చెవులు ఉండే తీరును పరిశీలించి, నొప్పిని అంచనా వేసే ఒక కొలమానాన్ని ప్రకటించారు. ఆ పరిశోధన గురించి అమ్మాయికి తెలియదు. కాని మూడేళ్ళుగా పెంచిన ప్రాణి ముఖం ఆమెకు తెలుసు.

ఆమె వైద్యునికి ఫోను చేసింది. ఆయన విసుక్కోకుండా చెప్పాడు: "నొప్పి మందు వేళకు ఇచ్చారా? ఇవ్వకపోతే ఇప్పుడే ఇవ్వండి. నేనిచ్చిన మేత గుళికలను గోరువెచ్చని నీటిలో నానబెట్టి, మెత్తగా కలిపి, సూది లేని సిరంజితో పెట్టండి. ముందు పళ్ళకూ వెనుక పళ్ళకూ నడుమ ఖాళీ ఉంటుంది. పక్క నుండి అక్కడ కొద్దికొద్దిగా వెయ్యండి. మింగిన తరువాతే మళ్ళీ వెయ్యండి. తొందరపడితే ఊపిరితిత్తులలోకి పోతుంది. తెల్లవారేసరికి పెంటికలు పడకపోతే వెంటనే తీసుకురండి."

మందు ఇచ్చే వేళ దాటి గంటన్నర అయిందని అప్పుడు గుర్తుకు వచ్చింది. మరునాటి పరీక్షకు చదువుతూ ఆమె గడియారం చూడలేదు. ఆమె కళ్ళు చెమ్మగిల్లాయి. మామ్మగారు లేచి వచ్చి, "నీ తప్పు నువ్వు, నా తప్పు నేను తరువాత లెక్కపెట్టుకుందాంలే తల్లీ! ముందు ఆ గిన్నె ఇటు తే" అంది. పాత కాటన్ చీరలో కుందేలును మెత్తగా చుట్టి ఒడిలో పెట్టుకుంది. అమ్మాయి సిరంజి పట్టింది. మొదటిసారి సగం బయటకే కారిపోయింది. రెండవసారి శశి నెమ్మదిగా నమిలి మింగింది. గంటకొకసారి అలా పెడుతూ వచ్చారు. నడుమ నడుమ అమ్మాయి పుస్తకం తెరిచింది. మామ్మగారు మాత్రం కునుకు తీయలేదు.

తెల్లవారుజామున, మంచు కురుస్తున్న వేళ, మామ్మగారు కాలువగట్టుకు వెళ్ళి తడి గరిక కోసుకువచ్చింది. కడిగి తుడిచి, ఒక్క పోచను శశి ముక్కు దగ్గర పెట్టింది. మీసాలు కదిలాయి. శశి పోచ చివర కొరికింది. అది నోటిలోకి క్రమక్రమంగా పోతుంటే ఇద్దరూ ఊపిరి బిగబట్టి చూశారు. ఇంకొక పోచ, మరొకటి! కొంతసేపటికి గుడ్డ మీద చిన్నచిన్న పెంటికలు పడ్డాయి. మామ్మగారు వాటిని నవధాన్యాలు లెక్కించినంత శ్రద్ధగా లెక్కపెట్టి, "ఏడు!" అని కేకవేసింది. ఆ వార్త తెల్లవారక ముందే వీధి వీధంతా తెలిసిపోయింది. అమ్మాయి నిద్రకళ్ళతోనే పరీక్షకు వెళ్ళింది.

పది రోజులకు గాయం మానింది. ఆ తరువాత శశి జీవితం మారింది. మునగాకు స్థానంలో గరిక, నీడలో ఆరబెట్టిన గడ్డి వచ్చాయి. బోర్లాపడని బరువైన మట్టిమూకుడు నిండా నీరు ఉంచసాగారు. రోజూ సాయంకాలం పెరట్లో స్వేచ్ఛగా తిరగనిచ్చారు. గూటి పక్క గోడకు ఒక క్యాలెండరు వెలిసింది. శశికి సంబంధించిన ప్రతి విషయమూ దాని మీద రాయడం అమ్మాయి వంతు, చదివించుకుని వినడం మామ్మగారి వంతు.

11వ శతాబ్దంలో ఈ రాజమహేంద్రవరంలోనే రాజరాజనరేంద్రుని ఆస్థానంలో నన్నయ భారతాంధ్రీకరణ ప్రారంభించాడు. ఆదిపర్వం తొలి భాగంలోనే సరమ కథ ఉంది. జనమేజయుని యజ్ఞవాటికలో ఆడుకుంటున్న కుక్కపిల్లను రాజు తమ్ముళ్ళు అకారణంగా కొట్టారు. దాని తల్లి సరమ రాజసభకు వచ్చి న్యాయం అడిగింది. ఒక కుక్క చక్రవర్తిని నిలదీయడం, ఆ నిందకు ఆయన కలవరపడడం ఆ కథలోని విశేషం. మూగజీవిని హింసించడం దోషమని ఆ కథ చెబుతుంది. కడియపులంక ఇంట్లో ఎవరూ శశిని హింసించలేదు. ప్రేమతోనే మునగాకు పెట్టారు, ప్రేమతోనే పస్తు ఉంచారు. తెలియనితనం తోడైతే ప్రేమ కూడా బాధపెట్టగలదని ఆ ఇంటివారు గ్రహించారు. గ్రహించిన తరువాత దిద్దుకున్నారు.

ఈనాటికీ ఎవరైనా మామ్మగారి ఎదుట "లంఖణం పరమౌషధం" అంటే ఆమె వెంటనే అడ్డు తగులుతుంది. "ఎవరికి బాబూ? ముందు ఆ మాట చెప్పు" అంటుంది.